ఆకాశమార్గమున సేనలు

పెదపారుపూడిలో ఒక రైతు గృహస్థుని అరుగుమీద ఈ నడుమ జరిగిన ముచ్చట మా చెవిని బడినది. ఆ ఇంటి పిల్లవాడు పదునెనిమిదేండ్లవాడు; సైన్యమున చేరుటకు నిశ్చయించుకొనినాడు. పారాచూటు కట్టుకొని విమానమునుండి దూకు దళములో చేరవలెనని అతని కోరిక. పెదతండ్రిగారు దానికి సమ్మతింపలేదు. "దూకుట ఘనముగాదురా అబ్బాయీ! దూకినవానిని తిరిగి తెచ్చువాడెవడు? హెలికాప్టరులో పోయి, దిగి, పని ముగించుకొని, మరల అందులోనే వచ్చు దళమున చేరరాదా?" అని ఆయన అడిగిరట. పిల్లవాడు పౌరుషమని వాదించెను. పెదతండ్రి వివేకమని వాదించిరి. తండ్రి ఎటును తేల్చుకొనజాలక ఊరకుండెను.

ఇది ఒక ఇంటి ముచ్చట యని త్రోసివేయదగినది కాదు. ఏ దళమున చేరుదునని పిల్లవాడు వేయు ప్రశ్నయే, ఏ దళమును పెంచుదునని దేశము వేసికొనవలసిన ప్రశ్న. యుద్ధతంత్రము సేనానుల సొత్తు, పొలము దున్నుకొనువారికిని పద్దులు వ్రాసికొనువారికిని దానితో పని యేమి యని కొందరందురు. తంత్రము సేనానులదే, కాని ప్రాణములు మన పిల్లలవి, ధనము మన పన్నులలోనిది. కావున ఈ విషయమును గూర్చి స్వతంత్ర దేశపౌరులు కొంత తెలిసికొని, కొంత అడుగుట తప్పుగాదని మా అభిప్రాయము.

ముందుగా రెంటికిని గల భేదమును గుర్తింపవలెను. పారాచూటు దళమువారు పెద్ద రవాణా విమానములలో వేయి మైళ్లయినను పోయి, శత్రువు వెనుక తట్టున, వేయి అడుగులకు అటునిటుగా ఎత్తుననుండి ఒకరి వెంబడి ఒకరు దూకుదురు. విమానము నేల దిగనక్కరలేదు గనుక దానికి బాటయు అక్కరలేదు; చదునైన బయలున్న చాలును. కొలది నిమిషములలో వందలాది సైనికులు నేలమీద నుందురు. అయితే విమానము వేగముగా సాగిపోవుచుండగా దూకుటచేత వారు దూరదూరముగా చెదరిపడుదురు. గాలి వీచెనేని చెరువులోను చెట్టుమీదను పడుదురు. మోసికొనగలిగినంత మందుగుండు, రెండు మూడు దినముల తిండి, తేలికపాటి ఆయుధములు, ఇంతియే వారి ఆస్తి. అన్నింటికంటె ముఖ్యమైనది, వారిని దింపిన విమానము తిరిగి వచ్చి వారిని ఎత్తుకొనిపోజాలదు.

హెలికాప్టరు దళము తీరు వేరు. హెలికాప్టరు నిలుచున్నచోటనుండియే లేచును, కోరినచోటనే దిగును. ఇరువది ముప్పదిమంది ఒక గుంపుగా, ఆయుధములు చేతబట్టి, ఒక్కచోటనే దిగుదురు. అది తిరిగిపోయి రెండవ గుంపును తెచ్చును. పెద్దదైనచో ఫిరంగిని క్రింద వ్రేలాడదీసికొని తెచ్చును. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చును. పని చెడినచో మిగిలినవారిని వెనుకకు తీసికొనివచ్చును. ఇందులకు సైనికుడు దూకుట నేర్వనక్కరలేదు; మంచి పదాతి పటాలము ఏదైనను కొలదిపాటి శిక్షణతో ఈ పనికి అక్కరకు వచ్చును. లోపములును గలవు. అది పోగల దూరము తక్కువ, చప్పుడు ఎక్కువ, దిగునప్పుడు కదలక నిలుచు గురి వంటిది. ఒక మనుష్యుడు భుజముమీద పెట్టుకొని పేల్చు చిన్న క్షిపణి దానిని కూల్చగలదు. లడఖు కొండలవంటి ఎత్తులలో గాలి పలుచబడి దాని బరువు మోయు శక్తి తగ్గిపోవును. వెలయు, మరమ్మతుల వ్యయమును చెప్పనలవిగానివి.

ఈ రెండు పద్ధతులను ఒకే యుద్ధమున, ఒకే వారమున మన సైన్యమే పరీక్షించి చూచినది. 1971వ సంవత్సరము డిసెంబరు నెలలో తూర్పు బంగాళమున జరిగిన యుద్ధమది. ఆ భూమి గంగా బ్రహ్మపుత్ర మేఘనా నదుల డెల్టా. అది ఎట్టిదో మన కృష్ణ డెల్టా వాసులకు వివరించి చెప్పవలసిన పని లేదు. అడుగడుగున కాలువ, కాలువకొక వంతెన, వంతెన తెగినచో ఆవలి ఊరు వేరు దేశము! 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమ ఎట్లు ఒంటరియైనదో చూచినవారు ఇప్పటికిని మన నడుమ నున్నారు. అట్టి భూమిలో వంతెనలన్నిటిని శత్రువు కూల్చుకొనుచు వెనుదీయుచుండగా ఢాకా చేరుట యెట్లు? ఇదియే ఆనాటి సేనానుల ముందున్న సమస్య.

మేఘనా నదిమీద ఆశుగంజ్ వద్దనున్న రైలువంతెనను పాకిస్తానువారు కూల్చివేసిరి. నది కిలోమీటరుకు పైబడిన వెడల్పు. దానిని దాటించుటకు పడవలు చాలవు. నాల్గవ కోరు సేనాపతి లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ అప్పుడు విమానదళపు గ్రూపు కెప్టెన్ చందన్ సింగ్‌ను పిలిచి, ఉన్న మి-4 హెలికాప్టర్లలో సేనను నదిమీదుగా దాటింపగలమా యని యడిగెను. డిసెంబరు 9వ తేదీన పని ఆరంభమైనది. బ్రాహ్మణ్‌బారియా వైపునుండి ఎక్కించి ఆవలి యొడ్డున రాయ్‌పురా ప్రాంతమున దించిరి. చిన్న హెలికాప్టర్లు నూరుసార్లకు పైబడి తిరిగి 311వ బ్రిగేడును దాటించినవి. దీనికే 'మేఘనా హెలికాప్టరు వంతెన' యని పేరు. అంతకు రెండు దినములకు ముందు, 7వ తేదీన, సిల్హెట్టు వద్ద ఇట్లే దించబడిన గూర్ఖా పటాలము ఒకటి తనకు ఎన్నో రెట్లున్న శత్రుసేనను యుద్ధము ముగియువరకు నిలువరించినది.

ఈ సగత్ సింగ్ చరిత్రలోనే మన ప్రశ్నకు సగము జవాబున్నది. ఆయన 1961లో మన పారాచూటు సేనయగు 50వ బ్రిగేడుకు అధిపతియైనప్పుడు నలుబదేండ్లు దాటినవాడు. దళమువారికి లేని మినహాయింపు దళపతికేల యని తానును పారాచూటుతో దూకి రెక్కల గురుతు సంపాదించుకొనెను. కాని ఆ యేడు డిసెంబరులో గోవా విమోచనమునకు ఆ బ్రిగేడు పోయినది ఆకాశమునుండి కాదు. నేలమీదనే నడచిపోయి పంజిము చేరినది. పదేండ్లకు అదే సేనాని మేఘనా యొడ్డున పారాచూటును కోరక హెలికాప్టరును కోరెను. దూకుటను ఎరుగనివాడు ఈ మాట అనినచో పిరికితనమని అనుకొనవచ్చును. దూకినవాడే ఈ నిర్ణయము చేసినప్పుడు ఆలోచింపవలెను. ఆయనకు సాధనము మీద మోజు లేదు. సాధింపవలసిన పనిమీదనే చూపు.

అట్లని ఆ యుద్ధమున పారాచూటు వ్యర్థమైనదనరాదు. డిసెంబరు 11వ తేదీ సాయంకాలమున రెండవ పారాచూటు పటాలము, లెఫ్టినెంట్ కర్నల్ కుల్వంత్ సింగ్ పన్ను నాయకత్వమున, టాంగైల్ చెంత దిగినది. మైమెన్‌సింగ్ వైపునుండి ఢాకాకు మరలిపోవుచున్న శత్రు బ్రిగేడు దారిని కట్టివేయుటకై పూంగ్లీ వంతెనను పట్టుకొనుట వారి పని. కొందరు దూరముగా పడిరి. సామగ్రి కొంత నీటిపాలైనది. గ్రామస్థులు పరుగున వచ్చి మూటలను మోసిపెట్టిరి. అయినను ఆ రాత్రికే వంతెన వారి వశమైనది. ఉత్తరమునుండి వచ్చుచున్న మరాఠా పటాలము ఒక దినమునకు అటునిటుగా వారిని కలిసికొనెను. దిగినవారు ఏడువందల చిల్లర. విదేశ పత్రికలలో మాత్రము అయిదువేలు దిగిరని వార్త! పాత విన్యాసపు ఛాయాచిత్ర మొకటి ఆ వార్తకు తోడైనది. ఆ వార్త ఢాకాలోని సేనానుల గుండెను మరింత క్రుంగదీసినది. డిసెంబరు 16వ తేదీన ఢాకా నగరమున మొట్టమొదట అడుగిడినది ఆ రెండవ పారాచూటు పటాలమే.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తేలునదేమి? టాంగైల్ వద్ద దూకినవారు గెలిచినది దూకుటచేత మాత్రమే కాదు; నేలమీద నడచివచ్చు మరాఠాలు చెప్పిన సమయమునకు కలిసికొనుటచేత. మేఘనావద్ద దిగినవారు గెలిచినది హెలికాప్టరు గొప్పదనముచేత మాత్రమే కాదు. అది మరల మరల వచ్చి వెనుకటివారిని, మందుగుండును తెచ్చుటచేత. దిగుట ఒక ముహూర్తపు పని. నిలుచుట దినముల పని. ఆకాశమునుండి దిగినవానిని కాపాడునది వాని వెనుక వచ్చువాడే.

మన పెద్దలకు ఈ సత్యము క్రొత్తది కాదు. పద్మవ్యూహమున చొచ్చుట తెలిసి వెలువడుట తెలియని అభిమన్యుని కథ ఎరుగని తెలుగువాడు లేడు. అభిమన్యుని చంపినది అతని పౌరుషలోపము కాదు. అతని వెంట చొరబడవలసిన పాండవులను సైంధవుడు వాకిట నిలిపివేయుట. పారాచూటు దళపు చరిత్రలో సైంధవుడు పలుమారులు కనబడుచున్నాడు. 1944 సెప్టెంబరులో హాలెండులోని ఆర్నెమ్ వద్ద బ్రిటిషు దళము దిగినది. రెండు దినములు వంతెనను నిలుపుడు, మా టాంకులు వచ్చి కలియునని వారికి చెప్పిరి. టాంకులు రాలేదు. పోయిన పదివేలమందిలో నాల్గవవంతుకంటె తక్కువవారు మాత్రమే నది దాటి తిరిగివచ్చిరి. అంతకు మూడేండ్లకు ముందు, 1941 మే నెలలో, జర్మనులు క్రీటు ద్వీపమును పారాచూటులతోనే గెలిచిరి. కాని వేలకొలది దూకుడువీరులు మడియుటచే హిట్లరు అటుపిమ్మట అంతటి దూకుడుకు మరల సాహసింపలేదు.

హెలికాప్టరు దళమునకు ఈ ఆపద లేదనుకొందురేమో! పెదపారుపూడి పెదతండ్రిగారు ఇచట కొంచెము నిదానింపవలెను. 1987 అక్టోబరు 11వ తేదీ రాత్రి శ్రీలంకలో, యాళ్పాణ విశ్వవిద్యాలయపు ఆటస్థలమున మన సైనికులను హెలికాప్టర్లతోనే దింపిరి. అచటికి పోయినది సికింద్రాబాదు స్థావరముగాగల 54వ పదాతి డివిజను గనుక ఆ వార్త మన తెలుగు దేశమునకు మరింత దగ్గరిది. పులుల నాయకుని పట్టుకొనవలెనని సంకల్పము; కాని మన రేడియో మాటలను ముందుగనే విని శత్రువు కాచియుండెను. హెలికాప్టర్లు తూట్లుపడుటచే వెనుకటి గుంపులు రాలేకపోయినవి. సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీవారి చిన్నదళ మొకటి ఒంటరిగా చిక్కుకొని, 29మంది మృతిచెంద, ఒక్కడు పట్టుపడెను. పదవ పారా కమాండోలలో ఆరుగురు మరణింపగా, మిగిలినవారిని రైలుపట్టాలవెంట వచ్చిన టాంకులు విడిపించినవి. తిరిగి తీసికొనిరాగల వాహనమే తిరిగి రాలేనప్పుడు దానికిని పారాచూటునకును భేదమేమి?

మొన్నమొన్నటిది 2022 ఫిబ్రవరి 24వ తేదీ. రష్యావారు ఉక్రెయిను రాజధానియగు కీవు చెంతనున్న హోస్టొమెల్ విమానాశ్రయముపై హెలికాప్టర్లలో ఆకాశదళమును దింపిరి. పెద్ద విమానములు ఆ బాటమీద దిగి వేలాది సైనికులను దించవలెనని వారి యూహ. ఉక్రెయినువారి ఫిరంగులు ఆ బాటను పనికిరాకుండ చేసినవి; విమానములు దిగనేలేదు; దిగినవారు మాత్రము ఆ రాత్రి ఒంటరులైరి. హోస్టొమెల్ పేరు తరువాత రష్యావారి చేతులలోనికి వచ్చినను, ఒక్కదినమున రాజధానిని పట్టుకొను కోరిక ఆ బాటమీదనే ముగిసినది.

శత్రువు ఎదురుచూడని త్రోవను పోవుటయే ఈ విద్యకు ప్రాణము. ఇందులకు ఆకాశమే కావలెనా? మన బందరు కోట చరిత్రను చూడుడు. 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి అధీనముననున్న ఆ కోటను పట్టినప్పుడు, ఎవరును దాటజాలరని వారు కావలి తగ్గించిన ఉప్పుబురదలో, పోటు తగ్గిన వేళ చూచి, సిపాయిలను నడిపించెను. తెల్లవారునప్పటికి కోట ఇంగ్లీషువారిదైనది. మన పాలిటికి అది శుభదినము కాదు. అయినను ఆ పాఠమును మనము విడువరాదు. ఆ బురదకు నేడు ఆకాశము ప్రత్యామ్నాయము. శత్రువు కావలి ఉన్న ఆకాశము మాత్రము బురదకంటె కష్టము. యాళ్పాణమున రుజువైనది ఇదియే.

ఇక ఇతర దేశములు ఏమి చేసినవి? అమెరికావారి 101వ డివిజను 1942లో పారాచూటు దళముగా పుట్టి, 1944 జూన్ 6న నార్మండీమీద దూకి పేరుగాంచినది. వియత్నాము యుద్ధకాలమున, 1968లో, దానిని హెలికాప్టరు దళముగా మార్చిరి. 1974లో పారాచూటు పద్ధతిని అందులో విడిచిరి. 1991లో ఇరాకుమీద భూయుద్ధము ఆరంభమైన మొదటి దినమున అది సుమారు 150 కిలోమీటర్లు ఎగిరిపోయి శత్రువు లోపల స్థావరమేర్పరచుకొనెను. కాని వారు 82వ డివిజనును మాత్రము నేటికిని పారాచూటు దళముగనే ఉంచుకొనినారు. పనామాకు దూకవలసి వచ్చినప్పుడు ఆ విద్య ఎరిగినవారు సిద్ధముగా నుండిరి. అనగా అంతటి ధనవంతులును ఒకదానికై రెండవదానిని వదలుకొనలేదు. ఏ పనికి ఏదియో పంచుకొనినారు.

మనకును ఇదియే మార్గమని మేము తలచుచున్నాము. పారాచూటు దళమును ఉంచుకొనవలెను. ఎందుకనగా దూరమును, త్వరయును దానివి. 1988 నవంబరు 3వ తేదీన మాల్దీవుల అధ్యక్షుడు సహాయము కోరగా, ఆ రాత్రికే ఆగ్రానుండి మన పారాచూటు బ్రిగేడువారు రెండువేల కిలోమీటర్లకు పైగా పోయి హుళ్హుళే విమానాశ్రయమున దిగిరి. అచట దూకవలసిన అవసరము రాలేదు. బాట మిత్రుల చేతిలోనున్నది గనుక విమానముతోనే దిగిరి. కాని అవసరమైనచో దూకగలవారు గనుకనే అంత త్వరగా పంపగలిగిరి. కొరియా యుద్ధమున మన 60వ పారాచూటు వైద్యదళము, లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వమున, 1951 మార్చిలో మున్సాన్ వద్ద అమెరికనులతోపాటు దూకి గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేసినది. ఈ రంగరాజ్ 1941లోనే పారాచూటుతో దూకిన తొలి భారతీయులలో నొకడు. చంపుటకే గాక బ్రతికించుటకును దూకిన ఆ సంప్రదాయమును పోగొట్టుకొనుట అవివేకము.

అయినను దినదిన వ్యవహారమునకు, కొండలకు, అడవులకు, నదీభూములకు హెలికాప్టరే ప్రధానము. ఇచటనే మన ఏర్పాటులో ఒక చిక్కున్నది. సైన్యమునకు తన సొంత వైమానిక శాఖ 1986లో ఏర్పడినది. కాని సేనలను మూకుమ్మడిగా మోయు మి-17 హెలికాప్టర్లును, 2019నుండి వచ్చిన 15 చినూకులును విమానదళము వశమున నున్నవి. దిగవలసినవాడు ఒక శాఖవాడు, దింపవలసినవాడు వేరొక శాఖవాడు. మేఘనావద్ద సగత్ సింగుకు చందన్ సింగు దొరికెను. ఇద్దరికిని మనసు కలిసెను. దేశరక్షణ ఇద్దరు మంచివారి స్నేహముమీద ఆధారపడియుండరాదు. కొన్ని పటాలములను, కొన్ని హెలికాప్టర్లను ఒకే అధికారి క్రింద ఒకేచోట ఉంచి, ఏడాది పొడుగున కలిసి అభ్యసింపజేసినగాని యాళ్పాణము మరల రాకుండుననుటకు పూచీ లేదు. మూడు దళములను ఏకముచేయు ప్రయత్నమును గూర్చి ప్రభుత్వమువారు 2019 చివర ప్రధాన సేనాధిపతి పదవిని సృష్టించినప్పటినుండి మాటలు విస్తారముగా వినబడుచున్నవి. మాటలను ఈ చిన్న పనితో ఆరంభించినచో ప్రజలు నమ్ముదురు.

ఇట్లు అడుగుటలో మన సీమకు స్వార్థమును గలదు. దానిని దాచవలసిన పని లేదు. శత్రువుకంటె సముద్రము మన మీదికి తరచుగా వచ్చును. 1977 ఉప్పెనలో పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు తెగిపోయిన పల్లెలకు ఆహారపు పొట్లములను హెలికాప్టర్లు విడిచినవి. మండలి వెంకట కృష్ణారావుగారివంటివారు నేలమీద చేసిన సేవను నేటికిని దివిసీమ మరువలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు మేడలమీది జనులకు హెలికాప్టర్లును, డ్రోనులును అన్నపు పొట్లములను అందించినవి. పొట్లమును విడిచిపోవుట పారాచూటు పద్ధతి. దిగి, గర్భిణిని, ముసలివానిని ఎక్కించుకొనివచ్చుట హెలికాప్టరు పద్ధతి. ఆకలికి మొదటిది చాలును. ప్రాణమునకు రెండవది కావలెను. యుద్ధమునకు సిద్ధపరచిన హెలికాప్టరు దళము తుపానునాడును అక్కరకు వచ్చును. ఇంతటి రెండు విధముల ప్రయోజనము గల వ్యయము వేరొకటి అరుదు.

రాత్రివేళ హెలికాప్టరు నడుపువానికిని, చీకటిలో దిగు సైనికునికిని కన్ను కావలెను. ఆ కన్నును తయారుచేయుచున్నది మన బందరే. 1926లో నెలకొనిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్సులో కలిసినది; రాత్రిచూపు సాధనములు అచట తయారగుచున్నవి. పెదపారుపూడికి పొరుగుననున్న నిమ్మలూరు సైతము ఈ పనిలో చేరినది. కావున ఈ చర్చ డిల్లీలోని గదులకు సంబంధించినదని మనవారు అనుకొనరాదు. మన పొలము గట్టుకు ఆవలనే జరుగుచున్నది.

ఇప్పుడు పిల్లవాని విషయమునకు వత్తము. అతనికి మొదట చెప్పవలసినది, మన సైన్యమున 'హెలికాప్టరు దళము' అని వేరుగా తలుపు లేదు. పదాతియై మద్రాసు రెజిమెంటులోనో మరియొక దానిలోనో చేరినవాడు అవసరము వచ్చినప్పుడు హెలికాప్టరు ఎక్కును. పారాచూటు రెజిమెంటునకు మాత్రము తలుపున్నది. దానిని స్వచ్ఛందముగా తట్టవలెను. కొన్ని మాసములు కఠిన పరీక్షకు లోబడవలెను. బరువు మోసికొని మైళ్లకొలది పరుగెత్తవలెను. నిద్ర లేక ఆజ్ఞలను పాటింపవలెను. నిలువలేనివారిని వెనుకకు పంపుదురు. అందులో అవమానమేమియు లేదు. నిలిచినవానిని ఆగ్రాకు పంపుదురు. అచట రాత్రి దూకుడు ఒకటి కలుపుకొని అయిదుసార్లు దూకినవానికి రెక్కల గురుతు, ఎర్రవన్నె టోపీ. ఆ టోపీమీది మోజుతో పోవలదనియు, ఆ పరీక్షకు శరీరము, మనస్సు ఒప్పుకొన్నచో భయపడి మానవలదనియు మా మాట. దూకుట ఆ బ్రతుకులో కొలది నిమిషములు. తక్కినదంతయు నడక, మోత, ఓర్పు.

ప్రమాదము ఏ దళమున తక్కువయని లెక్కలు వేయుటయు వ్యర్థమే. అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ గ్రామమునకు చెందిన లాన్సు నాయక్ సాయితేజ పారాచూటు కమాండో. ఎన్ని దూకుడులనో దాటిన ఆ యువకుడు 2021 డిసెంబరు 8వ తేదీన కూనూరు కొండలలో, ప్రధాన సేనాధిపతి బిపిన్ రావత్‌కు అంగరక్షకుడై, హెలికాప్టరు కూలుటచే మరణించెను. సైనికుని తల్లిదండ్రులు ఏ దళమును ఎన్నుకొన్నను ఆ భయము వారిని విడువదు. వారికి దేశము ఇయ్యగలిగిన అభయ మొకటే: మీ కొడుకును అనాలోచితముగా పంపము, పంపినచో వాని వెనుక రావలసినవారిని తప్పక పంపుదుము.

ఈ సందర్భమున ప్రభుత్వమువారిని ఒక ప్రశ్న అడుగక తప్పదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతి ననుసరించి యువకులు నాలుగేండ్లకు చేరుదురు. వారిలో నాల్గవవంతువరకు మాత్రమే అటుపిమ్మట కొనసాగుదురు. ఆ ప్రకటనపై కలిగిన ఆందోళనలో సికింద్రాబాదు రైలుస్టేషను తగులబడి, పోలీసు కాల్పులలో ఒక యువకుని ప్రాణము పోయినది. హింసను మేము అప్పుడును సమర్థింపలేదు, ఇప్పుడును సమర్థింపము. కాని దాని వెనుకనున్న సందేహము తీరలేదు. వరినాట్లు వేయుట ఒక్క కారులో నేర్వవచ్చును. చీకటిలో దూకి, చెదరిపడి, తన తోటివారిని వెదకి కలిసికొని, వంతెనను నిలుపుట నాలుగేండ్లలో నేర్చి, ఆ నాలుగేండ్లలోనే ముగించుకొని ఇంటికి పోదగిన విద్యయా? యువకుడు నేర్చువేళకు పంపివేయుట, వెన్న పట్టువేళకు చల్లకుండను పగులగొట్టుట వంటిది. అన్ని శాఖలమాట ఎట్లున్నను, పారాచూటు దళమునకును, హెలికాప్టరులతో పనిచేయు పటాలములకును చేరినవారిలో ఎక్కువ భాగమును నిలుపుకొనునట్లు నియమమును సవరించుట న్యాయము, ధనమునకును ఆదాయే.

తెలుగువారికి ఈ పనులు పట్టుబడవని ఒకప్పుడు ఒక దుష్ప్రచారముండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర లార్డు రాబర్ట్సు వంటి సేనాధిపతులు 'యుద్ధజాతుల' సిద్ధాంతమును పట్టుకొని మద్రాసు పటాలములను తగ్గించిరి. తెలుగువారికి సైన్యపు తలుపు చాలవరకు మూసిరి. కాని ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' యను పేరు ఎట్లు వచ్చినదో వారు మరచిరి. మన తీరమునుండి పోయిన సిపాయిలే ఆ పేరును అచట నాటివచ్చిరి. ఆనాడు వారు పరులకై పోరాడిరి. నేడు వారి వంశస్థులు తమ దేశమునకై పోరాడుదురు. ఒక్క పెదపారుపూడి పిల్లవాడు పారాచూటు కట్టుకొన్నచో దేశమునకు కలుగు లాభము స్వల్పమే కావచ్చును. తలుపు మూసినవారికి ఇచ్చు జవాబు మాత్రము స్వల్పము కాదు.

కావున ఆ తండ్రిగారికి మా విన్నపమిది. కుమారుని పౌరుషమును, అన్నగారి వివేకమును పోరాడనీయకుడు. రెండును ఒక్క ఇంటివే. శరీరమును, మనస్సును పరీక్షించుకొని అతడు పారాచూటు దళమును కోరినచో దీవించి పంపుడు. పదాతియై హెలికాప్టరు ఎక్కునన్నను అంతే సంతోషముతో పంపుడు. పంపిన పిదప మాత్రము మీ పని తీరినదనుకొనవలదు. మీరు ఓటు వేసి పంపిన శాసనకర్తలను, బందరు నుండి డిల్లీవరకు, ఒక్క ప్రశ్న అడుగుచుండుడు: మా పిల్లవాడు దిగినచోటికి రెండవవాడు ఎప్పుడు వచ్చును? ఈ ప్రశ్నకు గంటలతో సహా జవాబు చెప్పగల దేశము ఏ గొడుగుతో దించినను, ఏ రెక్కతో దించినను గెలుచును. చెప్పజాలని దేశమున అభిమన్యులు పుట్టుచునే యుందురు. సైంధవులు వాకిట నిలుచునే యుందురు.